నాయిన మాట్లాడిపెట్టిన కిరాయి మోటరు

దయ్యాలు, గాలి సోకుడు, దిష్టి, ఇసుంటివి నేను నమ్మ. చిన్నప్పటి సంది అంతే. మా శామీర్‌పేట చెరువు కట్ట కింద ఒక చింతచెట్టు ఉండె. ఆడ ఏదో ఉన్నదని ఆడోళ్ళెవ్వరు అటు పోకపోతుండె. ఎవ్వరు పోరు గనుక చింతకాయంత నాకే దొరుకుతుండె. మా ఇంటాయన గూడ అనేటోడు, "నిన్ను చూస్తే దయ్యమే పరేషానైతది" అని.

అసుంటిదాన్ని నేను ఇప్పుడు ఈ ముచ్చట చెప్పవట్టిన. ఇన్నేండ్లు ఎందుకు చెప్పలేదంటే, నవ్వుతరని గాదు. నవ్వితే కొట్లాడుత, నాకేం భయం. మా అక్క బతికున్నన్ని దినాలు ఇది ఆమె ముచ్చట, నేను చెప్పేది గాదని ఊకున్న. ఇప్పుడు అక్క లేదు. ఆ మోటరుల కూసున్నోళ్ళల్ల మిగిలింది నేనొక్కదాన్నే. జరిగింది జరిగినట్టు చెప్త. తెల్వనిది తెల్వదనే చెప్త.

రెండో పెద్ద యుద్ధం నడుస్తున్న దినాలు. మా నాయిన రోడ్డు మేస్త్రీ. శామీర్‌పేట నుంచి సిద్దిపేట పోయే కంకర రోడ్డు ఉన్నది గద, అండ్ల ప్రజ్ఞాపూర్ దాక నాయిన చూసేటోడు. చేతికింద ఒక పది పన్నెండు మంది కూలోళ్ళు. గుంత పడ్డకాడ మొరం పోసుడు, నీళ్ళు కొట్టుడు, దిమ్మిసతోని దంచుడు. నాయిన చేతుల ఎప్పుడు ఒక కట్టె ఉండేది. నడుస్తనే ఆ కట్టె గుంతల పెట్టి లోతు చూసి, ఎన్ని గంపల మొరం పడుతదో చెప్పేటోడు. వాన వడితే ఇల్లు కురుస్తుందా అని చూడడు, రోడ్డు చూడపోతడు. అమ్మ దానికి తిట్టని దినం లేదు.

మేం ఇద్దరం ఆడపిల్లలం. అన్నదమ్ములు లేరు. అక్క బాలమణి నాకంటే మూడేండ్లు పెద్దది. సిద్దిపేట అవుతల అదే రోడ్డు పక్కన ఒక ఊరికి ఇచ్చిన్రు. నన్ను మేడ్చల్ల ఇచ్చిన్రు. అక్కది నెమ్మది గుణం. నాది నోరు. ఇద్దరం ఒక్క కడుపుల పుట్టినమంటే ఎవ్వరు నమ్మకపోయేది.

అక్క మొదటి కడుపు అప్పుడు, ఏడో నెలల పుట్టింటికి తీసుకొస్తున్నరు. ఎడ్లబండి. నాయిన గూడ బండిల ఉండె. కుకునూర్‌పల్లి దాటినంక ఒక ఒర్రె, చిన్న వాగు, అడ్డం వస్తది, ఆడ రోడ్డు దిగి ఎక్కాలె. ఆ దిగేకాడ గుంతల మీద బండి ఎగిరెగిరి పడ్డది. అక్కకు ఆడనే నొప్పులు లేసినయి. ఊరు చేరకముందే తొవ్వలనే అయింది. మొగపిల్లగాడు. దక్కలేదు.

ఆ రోడ్డు తుకడ మా నాయినది గాదు, ఇంకో మేస్త్రీది. అయినా నాయిన అది తన తప్పే అనుకున్నడు. ఇంట్ల దాని గురించి ఒక్కటే మాటు మాట్లాడిండు. "తొవ్వ మంచిగుంటే పిల్లగాడు దక్కుతుండె" అన్నడు. ఇగ మల్ల ఎత్తలేదు.

రెండేండ్లకు అక్క మల్ల నీళ్ళోసుకుంది. అప్పుడు నాయిన, ఈ మాటు బండి లేదు, నా బిడ్డను మోటరుల తెస్త అన్నడు. మేమందరం నవ్వినం. మోటరు అంటే దొరలెక్కేది. కూలోళ్ళ మేస్త్రీ ఇంటికి మోటరేంది? అండ్ల యుద్ధం దినాలు, పెట్రోలు దొరకదు.

నాయిన అల్వాల్ పోయి ఖాసిం సాబ్ అని ఒకాయనను పట్టుకున్నడు. ఆయన కాడ ఒక పాత మోటరు ఉండె. పెట్రోలు లేదు గనుక దాని ఎనుక పెద్ద డబ్బా లెక్క పొయ్యి కట్టించి, బొగ్గులు మండిచ్చి, ఆ పొగతోని నడిపిస్తుండె. అప్పట్ల మస్తు బండ్లు గట్లనే నడిచినయి. పది పదిహేను మైళ్ళకోసారి ఆగాలె, బూడిద దులపాలె, బొగ్గు పోయాలె, నీళ్ళు పోయాలె. ఆయన ముందుగాల రానన్నడట. గంత దూరం, గా రోడ్డు మీద, నా బండి వాపసు రాదు అన్నడట. నాయిన మూడు మాట్లు నడిసిపోయి అడిగిండు. మూడో మాటుకు ఖాసిం సాబ్ వస్తనని జబాన్ ఇచ్చిండు.

ఎనిమిదో నెలల ఆడపిల్లను కదిలియ్యరు మా దిక్కు. తొమ్మిది వడ్డంక పోదామని అనుకున్నరు. అక్క పక్కన కూసోని వచ్చేతందుకు నన్ను మేడ్చల్ నుంచి పిలిపిచ్చిండు నాయిన.

ఇగ మొదలయింది నా తిప్పలు. దినాం పొద్దుమీకి పని నుంచి రాంగనే నాయిన అరుగు మీద కూసోని కంకర రాళ్ళు పేర్చేటోడు. ఒక్కొక్క రాయి ఒక్కొక్క జాగ. ఇది తుర్కపల్లి, ఇది దాటినంక రోడ్డు కింద నీళ్ళు పోయే మోరీ ఉంటది, మోరీ మీద మెల్లగ పోనియ్యాలె. ఇది ములుగు, ఈడ బొగ్గు పోసుకోవాలె. ఇది గౌరారం, ఈడ బాయి నీళ్ళు తియ్యగుంటయి, మోటరుకు పొయ్యండ్రి, అక్కకు తాపుండ్రి. ఇది ప్రజ్ఞాపూర్, ఈడ మా కూలామె ఇల్లున్నది, అక్కను ఒక గంట పండవెట్టాలె. అన్ని నాతోని మల్ల చెప్పిచ్చేటోడు. నేను ఒక్కటి తప్పితే మల్ల మొదటి సంది.

"ఏంది నాయిన, లగ్గంల అయ్యగారు గూడ గింతసేపు చదువడు" అన్న నేను ఒకనాడు.

"చదువకున్నా లగ్గమైతది బిడ్డ. ఇది గట్ల గాదు. మల్ల చెప్పు" అన్నడు.

అన్నిటికన్న చివరికి మూడు రాళ్ళు దగ్గర దగ్గర పెట్టేటోడు. అది కుకునూర్‌పల్లి అవుతల ఒర్రె. ఆడ మూడు గుంతలు వరుసగ ఉన్నయి. తన తుకడంత అప్పటికే తీర్చి పెట్టిండు, ఒక్క గుంత లేదు. ఆ మూడు గుంతలు మాత్రం ఇంకో మేస్త్రీ చేతులవి. నాయిన పోయి అడిగితే, పైనుంచి హుకుం రావాలె, నీ బిడ్డ కోసం రోడ్డు ఎయ్యాల్నా అన్నడట ఆయన. నాయిన ఇంటికొచ్చి బువ్వ తినలేదు. ఆడ అక్కను దింపి నడిపియ్యండ్రి, మోటరు ఖాళీగ పోవాలె, యాదుంచుకో అని నాకు ఎన్ని మాట్లు చెప్పిండో లెక్కలేదు.

పోదామనుకున్న దినానికి ఇంక వారం ఉన్నదనంగ నాయినకు జరం వచ్చింది. నాలుగు దినాలు. వైద్యుడు వచ్చిండు, కషాయం ఇచ్చిండు. జరంల గూడ అవే మాటలు, మోరీ, బొగ్గు, మూడు గుంతలు. ఐదో దినం పొద్దుగాల పోయిండు. యాబై గూడ దాటలేదు ఆయనకు. నాకు ఇప్పటికీ ఆ కంకర మీద నడవాల్నంటే పాణం గుంజుతది.

మా దిక్కు ఒక పద్ధతి ఉన్నది. కడుపుతోని ఉన్న ఆడదానికి చావు కబురు చెప్పరు. అండ్ల అక్కకు ఒకటి పోయి ఉన్నది. తొమ్మిదో నెల. నాయిన అంటే అక్కకు పాణం. ఇది చెవుల పడితే ఈ పిల్లగూడ దక్కదని అందరికి భయం. మా మేనమామ మల్లయ్య మనిషిని తోలి అక్క పెనిమిటి మా బావకొక్కనికే కబురు చెప్పిచ్చిండు. బావ అంగడికి పోతున్నని ఇంట్ల చెప్పి, వచ్చి, కడసూపు చూసి పోయిండు. అక్కకు చెప్పనని ఒట్టు వెట్టిండు.

పదో దినం చెరువు కాడ అమ్మ గాజులు పలగ్గొట్టిన్రు. బొట్టు తుడిచిన్రు. పుస్తెలు, మెట్టెలు తీసిన్రు. నేను చూడలేక అటు తిరిగి నిలవడ్డ.

ఆ తెల్లారి కూసున్నరు, ఇగ అక్కను ఎట్ల అని. ఆడనే ఉండనియ్యిండ్రి అన్నరు కొందరు. ఆడ అత్త ముసల్ది, కండ్లు సరిగ కనవడవు. ఎవరున్నరు చూసేతందుకు? మేడ్చల్ల మా ఇంటికి తీసుకపోదామన్నడు మామ. అమ్మ అప్పుడన్నది, "నా బిడ్డ కాన్పు నా చేతుల కావాలె. ఆయన మాటిచ్చిండు. మోటరు పోవాలె, బిడ్డ ఈ ఇంటికే రావాలె."

"వస్తే నిన్ను చూడదా అక్కా?" అన్నడు మామ. బోసి మొకం చూసినంక ఇగ చెప్పేదేమున్నది?

అమ్మ ఖాసిం సాబ్‌కు కబురు చెయ్యమన్నది, అంతే. మామ ఆ మరునాడు పొద్దుగాల అల్వాల్ పోయిండు. నాయిన పోయిండని చెప్తే ఖాసిం సాబ్ పోయి బొగ్గుల సంచి చూసొచ్చిండట. తర్వాత, "బడే మియాకు జబాన్ ఇచ్చిన. బొగ్గు దొరికింది, రేపే పోదాం" అన్నడట. అంటే మేం పోయే దినం మాకే ఒక్క దినం ముందు తెల్సింది. అక్క ఊరికి కబురు లేదు, జాబు లేదు, మనిషిని తోలలేదు. తోలినా మాకంటే ముందుగాల చేరడు. దీన్ని జర యాదుంచుకోండ్రి.

ఆనాడు పొద్దుగూకే యాల్లకు అమ్మ నన్ను పంపిచ్చి గాజుల బీబమ్మను పిలిపిచ్చింది. మా ఊరి తురకోళ్ళ ఇంటి ఆడిమనిషి, మా చిన్నప్పటి సంది మా అందరికి గాజులు తొడిగింది ఆమెనే. బీబమ్మ గంప దించి, నాకే అనుకోని నా చెయ్యి పట్టుకుంది. అమ్మ తన రెండు చేతులు ముందుకు వెట్టింది.

"నాకు తొడుగు బీబమ్మ. నా బిడ్డ వస్తది రేపు. దానికి తెల్వొద్దు" అన్నది.

బీబమ్మ నా దిక్కు చూసింది, మామ దిక్కు చూసింది. మామ తల కిందికేసిండు. ఇగ ఆమె పచ్చ గాజులు ఏరి, ఒక్కొక్కటే తొడిగింది. తొడుగుతనే ఏడ్చింది. "తప్పయితే నాకు రాని, నీకు రావొద్దు" అన్నది. ఆమె చేతుల ఒక గాజు పలిగింది గూడ. అమ్మ కండ్లల్ల నీళ్ళు లేవు. పసుపు తాడు కట్టుకుంది, బొట్టు పెట్టుకుంది, అద్దంల చూసుకోని చీర కొంగు సదురుకుంది. ఊరు ఏమనుకుంటదో నాకు తెల్సు. అన్నోళ్ళ సంగతి నేను చూసుకుంట అనుకున్న.

తెల్లారంగనే మోటరు వచ్చింది. నేను, మామ, ఖాసిం సాబ్. నాయిన చెప్పిన రాళ్ళన్ని నాకు నోటికి ఉన్నయి. మోరీ అంటే మోరీ, బొగ్గు అంటే బొగ్గు, ఎక్కడ ఏది చెప్పిండో అక్కడ అదే. ఖాసిం సాబ్ ప్రజ్ఞాపూర్ కాడ బూడిద దులుపుతా, "మీ నాయిన ఇంజనీరు గావాల్సింది" అన్నడు. నేను మొకం తిప్పుకున్న.

కుకునూర్‌పల్లి దాటినం. ఒర్రె కాడికి రాంగనే, ఈడ దిగుదాం, మూడు గుంతలున్నయి అన్న నేను. ఖాసిం సాబ్ మోటరు ఆపిండు. ముగ్గురం దిగి చూస్తే గుంతలు లేవు.

లేవంటే, పూడ్చిన్రు. మూడు జాగలల్ల ఎర్రటి మొరం, దిమ్మిసతోని గట్టిగ దంచి, నీళ్ళు కొట్టి. ఖాసిం సాబ్ బూటుతోని తొక్కి చూసిండు. ఇంక తడి ఆరలేదు. ఇయ్యాల పొద్దుగాలదే అన్నడు.

ఒర్రె ఒడ్డుకు కూలోళ్ళు కూసోని సద్ది తింటున్నరు. అండ్ల ఒక ముసలామె లేసి మా దగ్గరికొచ్చింది. "శామీర్‌పేట మేస్త్రీ మనుషులేనా? బిడ్డను తేపోతున్నరా?" అని అడిగింది. అవునన్నడు మామ.

ఆమె చెప్పింది చెప్పినట్టు చెప్త. "తెల్లారుతుండంగ వచ్చిండు మీ మేస్త్రీ. మమ్మల్నందర్ని లేపిండు. నా బిడ్డ వస్తది ఈ తొవ్వల, జర గీ మూడు పూడ్చుండ్రి అన్నడు. కట్టె పెట్టి లోతు చూపిచ్చిండు, గీ గుంతకు ఇన్ని గంపలు, గా గుంతకు ఇన్ని అని. అయ్యేదాక నిలవడ్డడు. నీళ్ళు తాగు అంటే తాగలేదు. ఇగో గిట్లనే నడిసిపోయిండు" అని మా ఊరి దిక్కు చెయ్యి చూపిచ్చింది.

నాకు మస్తు కోపమొచ్చింది. పదమూడు దినాలు నిండలేదు మనిషి పోయి. ఎవర్ని చూసి ఎవరనుకున్నవో అని గట్టిగనే అన్న. ఆమెకు నా కోపం అర్థం కాలేదు. "పదేండ్ల సంది ఈ రోడ్డు మీద చూస్తున్న. మేస్త్రీని ఎరుగనా బిడ్డ?" అన్నది. మిగిలినోళ్ళు గూడ అవునవును అన్నరు. వాళ్ళ మేస్త్రీకి గూడ తెల్వకుండ చేసిన్రట, ఆయనొస్తే తిట్లు పడుతయని భయపడుతున్నరు.

నాయిన పోయిండని ఆమెకు చెప్పబోతే మామ నా చెయ్యి పట్టుకున్నడు. ఖాసిం సాబ్ టోపీ తీసి, ఒర్రె దిక్కు తిరిగి, నోట్ల ఏదో చదువుకున్నడు. మల్ల ముగ్గురం మోటరెక్కినం.

పట్టపగలు. నా కండ్లతోని చూసిన మొరం. నా చెయ్యితోని ముట్టి చూసిన తడి.

అక్క ఊరు పోయేసరికి అక్క అరుగు మీద కూసోని ఉన్నది. తానం చేసి, తల దువ్వుకోని, గుడ్డల మూట పక్కన పెట్టుకోని. వాళ్ళత్త మమ్మల్ని చూసి బిత్తరపోయింది. "పొద్దుగాల సంది గిట్లనే కూసున్నది. ఎవరొస్తున్నరే అంటే, వస్తరు అంటది. నేను తిట్టవడితి" అన్నది.

నాకెందుకో ఇయ్యాల వస్తరనిపించింది అన్నది అక్క నాతోని. నేను నేర్చుకొచ్చిన అబద్ధం మొదలువెట్టిన. నాయినను దూరం పని మీద తోలిన్రు, అవుతల ఎక్కడనో వంతెన కడుతున్నరు, సెలవు దొరకలేదు, కాన్పు యాల్లకు వస్తనన్నడు. అక్క నా మొకం చూస్తా అంత విన్నది. ఊఁ అన్నది. ఒక్క మాట మల్ల అడుగలేదు. బతికిపోయినరా దేవుడా అనుకున్న. నా అంత తెల్విగల్లది లేదనుకున్న.

వచ్చేటప్పుడు అక్క నా భుజం మీద తల వెట్టి కండ్లు మూసుకుంది. నిద్రవోయిందనుకున్న. ఒర్రె ఇంక కనవడకముందే కండ్లు తెరవకుండనే, "సాబ్, జర ఆపు. నేను దిగి నడుస్త" అన్నది. దిగింది. చెప్పులిడిసి, కడుపు మీద చెయ్యి వెట్టుకోని, మెల్లగ నడిసింది. పూడ్చిన మూడు జాగలల్ల, ఒక్కొక్క దాని మీద జర నిలవడ్డది. మొదటి పిల్లగాడు యాదికొచ్చిండేమో అనుకున్న నేను.

తర్వాత గూడ అంతే. గౌరారం రాకముందే నీళ్ళ ముచ్చట ఎత్తింది. తుర్కపల్లి మోరీ కాడ నేను నోరు తెరవకముందే మెల్లగ పోనియ్యమన్నది. ఖాసిం సాబ్ ఎనుకకు తిరిగి నా దిక్కు చూసిండు. ఆ రాళ్ళు పేర్చినన్ని దినాలల్ల నాయిన అక్క ఊరికి పోలేదు. అది నాకు బాగ తెల్సు, నేను ఇంట్లనే ఉన్న.

పొద్దుగూకకముందే ఇల్లు చేరినం. అమ్మ దర్వాజ కాడ నిలవడి ఉన్నది. నిండ గాజులు, మొకాన పెద్ద బొట్టు. అక్క వాకిట్ల నిలవడి అమ్మను శానసేపు చూసింది. వంగరాదు గద ఆ కడుపుతోని, అయినా వంగి అమ్మ కాళ్ళు మొక్కింది. అమ్మ తిట్టుకుంటనే లేపింది.

ఇరవై దినాలకు ఆడపిల్ల పుట్టింది. అమ్మ చేతులనే పుట్టింది. ఇద్దరు మంచిగున్నరు. నాకు ఆ దినం నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో నాకే తెల్వదు.

బాలింతకు గూడ అసుంటివి చెప్పొద్దని పెద్దోళ్ళన్నరు, పాలు ఎండిపోతయట. ఇంక కొన్ని దినాలు, ఇంక కొన్ని దినాలు అనుకుంట మూడు నెలలు గడిసినయి. అమ్మ వాకిలి దాటలేదు. దొడ్డి దిక్కునుంచే నీళ్ళు తెచ్చుకునేది. వాడకట్టు ఆడోళ్ళు గుసగుసలాడితే నేను పోయి వాళ్ళ నోళ్ళు మూపిచ్చి వచ్చిన. దినాం పొద్దుగాల అమ్మ అద్దం ముందు కూసోని బొట్టు పెట్టుకునేది. అక్క మంచం మీద పిల్లకు పాలిచ్చుకుంట అటే చూసేది. "అమ్మా, జర పెద్దగ పెట్టుకోవే, నీకు మంచిగుంటది" అన్నది ఒకనాడు. నేను దొడ్లెకు పోయి ఏడ్చిన.

మూడో నెల దాటినంక అక్కను అత్తగారింటికి పంపాలె. ఇగ చెప్పక తప్పదు. ఒకనాడు పొద్దుగాల మామ వచ్చిండు. అమ్మ, నేను, మామ అక్క మంచం చుట్టు కూసున్నం. పిల్ల నిద్రవోతున్నది. మామ గొంతు సదురుకుంటుండె, అక్కనే అన్నది.

"నువ్వు చెప్పకు మామా. నాయిన లేడని నాకు తెల్సు."

నేను మొదలు బావ మీదికి లేసిన మనసుల. ఒట్టు తప్పిండనుకున్న. ఎవరు చెప్పిన్రే అన్న.

నాయిననే చెప్పిండన్నది అక్క.

మేం మోటరుల పోయినదానికి ముందు దినం. పగటీలి, నడి మధ్యాన్నం. అత్త పండుకున్నది, బావ పొలంల ఉన్నడు. అక్క పప్పు ఏరుకుంట కూసున్నది. నాయిన వచ్చి దర్వాజ కాడ నిలవడ్డడట. లోపలికి రా నాయినా అంటే రాలేదట. రేపు చెల్లె మోటరు తీసుకొని వస్తది, తయారుగ ఉండు అన్నడట. ఎక్కడ దిగాలె, ఎక్కడ మెల్లగ పోవాలె, అన్ని చెప్పిండట. ఒర్రె కాడ గుంతలు పూడ్పిస్త, అయినా నువ్వు దిగి నడువు అన్నడట. తర్వాత, "నేను పోయిన బిడ్డా. నువ్వు ఏడ్వొద్దు. మీ అమ్మ నీ కోసం మల్ల గాజులేసుకుంటది. నువ్వు తెల్సినట్టు అనకు" అన్నడట.

మామ మొకం తెల్లగైంది. ఎందుకంటే అక్క చెప్పింది పగటీలి. అమ్మ బీబమ్మను పిలిపిచ్చింది ఆనాడు పొద్దుగూకే యాల్లకు. ఆ పగటీలి అమ్మ మనసుల ఏమున్నదో మాకే తెల్వదు. బావకు ఆ గాజుల ముచ్చటనే తెల్వదు.

అమ్మ అక్క దిక్కే చూస్తున్నది. "తెల్సి గూడ ఇన్ని దినాలు నోట్లకెళ్ళి మాట రానియ్యకపోతివి గదనే" అన్నది.

"నాకు తెల్సని చెప్పిన దినమే నువ్వు బొట్టు తీస్తవు గదమ్మా" అన్నది అక్క. "ఎన్ని దినాలైతే అన్ని దినాలు ఉండనీ అనుకున్న."

మేం ఆమె కోసం దాచినం. ఆమె అమ్మ కోసం దాచింది. మూడు నెలలు ఒక్క ఇంట్ల, ఒకరి మొకం ఒకరు చూసుకుంట. అమ్మ నాయిన పోయిన దినం గూడ అంత ఏడ్వలేదు, ఆనాడు ఏడ్చినంత.

నేను ఊకోలేదు. బావను నిలదీసిన, పిల్ల నెత్తి మీద చెయ్యి వెట్టి చెప్పలేదన్నడు. బావ చెప్పినా, మేం వచ్చే దినం ఆయనకెట్ల తెల్సు? మల్లొకసారి ఆ తొవ్వల పోయినప్పుడు ఒర్రె కాడ దిగి ఆ ముసలామెను ఎతికి అడిగిన. అదే మాట చెప్పింది, ఒక్క ముక్క అటుఇటు గాలేదు. నాయిన అంతకుముందే పోయిండని అప్పుడు చెప్తే ఆమె ఆడనే కూలవడ్డది. కూలోళ్ళు ఎవర్నో చూసి పొరవడ్డరనుకుందాం. అక్క కల గన్నదనుకుందాం. రెండు ఒక్కతీరుగ ఎట్ల కలిసినయి? ఇన్నేండ్లు ఆలోచించిన. నాకు తెల్వదు. ఇప్పటికీ తెల్వదు.

అమ్మ ఇవేవీ అడుగలేదు. ఏ దినం, ఏ యాల్ల, ఎట్ల సాధ్యం, ఒక్కటి అడుగలేదు. కండ్లు తుడుచుకోని, అక్క పక్కన మంచం మీద కూసోని, "ఎట్ల కనవడ్డడే? బక్కగైండా?" అని అడిగింది.

"లేదమ్మా, మంచిగనే ఉన్నడు. కాళ్ళ నిండ దుమ్ము ఉండె, అంతే" అన్నది అక్క.

"అంత దూరం నడిసొచ్చినోనికి కాళ్ళు కడుక్కుంటానికి నీళ్ళు ఇయ్యకపోతివా?" అని అమ్మ అక్కను కోప్పడ్డది.